మీటకు కట్టిన పట్టుపోగు

ఆ గొంతు ఎవరిదన్న అనుమానం అనంతయ్యను పదేళ్లుగా వదల్లేదు. పొద్దున్నే విభూతి పెట్టుకుని దీపం ముందు కూర్చున్నప్పుడూ వదల్లేదు, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పోగు దాటించే నాడె చేతికి తీసుకున్నప్పుడూ వదల్లేదు. అడిగి తెలుసుకోదగిన మనిషి ఒక్కతే ఉంది. ఆమెకు ముఖం చూపించలేకనే ఆ పదేళ్లూ గడిచిపోయాయి.

గద్వాల నేతపనివాళ్లలో అనంతయ్యకు భక్తుడని పేరు. చదువు ఐదో తరగతి. తెలుగు తడుముకోకుండా చదువుతాడు, ఇంగ్లీషులో అంకెలు మాత్రం గుర్తుపడతాడు. ఏటా శివరాత్రికి ముందు భజన గుంపుతో కలిసి నల్లమల దారిన శ్రీశైలం నడిచి వెళ్లేవాడు. ఎనభై రెండులో అలా వెళ్తూ బల్మూరు దాటాక జ్వరంతో కూలబడ్డాడు. అక్కడ అడవి అంచున చెంచుల పెంట, అంటే పది గుడిసెల చిన్న గూడెం, ఉంది. తనకోసం ఆగితే గుంపుకు శివరాత్రి తప్పిపోతుంది. "మీరు నడువుండ్రి, దేవుడు నన్ను ఈడ్నే కూసోమన్నట్టుంది" అని వాళ్లను పంపేసి, ఒక గుడిసె ముందు చాపమీద పడుకున్నాడు.

అది బయన్న, ఈదమ్మ అనే ఆలుమగల గుడిసె. వాళ్లు అతన్ని ఎవరని గానీ, ఎక్కడివాడని గానీ ముందు అడగలేదు. నాలుగు రోజులు గంజి కాచి పోశారు. ఈదమ్మ సంకలో ఏడాదిన్నర ఆడపిల్లను వేసుకుని, తేనె కలిపిన వేడినీళ్లు తెచ్చి ఇచ్చేది. ఐదో రోజు అనంతయ్య లేచి కూర్చున్నాక, ఆమె గుడిసె వాసంలో దోపి ఉన్న గుడ్డమూట దించింది. విప్పితే లోపల పెద్ద నల్లటి పాటల ప్లేటు. అట్ట మీద ఎదురెదురుగా రెండు చిలుకలు, చుట్టూ ఇంగ్లీషు రాత.

"కిందటేడు జాతరల పట్నమోళ్లు వచ్చిండ్రు అన్నా. జోడుచిలుకల కంపెనీ అంట. నేను లింగమయ్య పాట పాడుతుంటె విని, మిషన్ ముంగట కూసోబెట్టి మల్ల పాడమన్నరు. తర్వాత ఫారెస్టు గార్డు చేతికిచ్చి ఈ ప్లేటు పంపిండ్రు. కొత్తరకం ప్లేటట, దేశంల అంతకుముందు ఎవలు చెయ్యలేదట. నా గొంతు ఇందుల ఉందట."

"నువ్వు విన్నవా చెల్లె?"

"ఏడ వింట? తిప్పే మిషనేది? జ్వరంల నువ్వంటివి గద, మీ ఇంట్ల ఉందని."

"ఉంది. భజనోళ్లది, నా ఇంట్లనే ఉంటది."

"అయితే తీస్కపో. విను. నా గొంతెట్లుందో నాకు చెప్పు. గా ఒక్క మాట చాలు. అందరి గొంతు విన్న గని నాది నేను వినలే."

పక్కన బాణం ములికి సాన పడుతున్న బయన్న తల ఎత్తకుండానే అన్నాడు. "మంచిగ లేకుంటె నాకు చెప్పు అన్నా. రోజు వినేటోన్ని నేను."

వచ్చే శివరాత్రికి ప్లేటు తెస్తాననీ, మాట చెబుతాననీ అనంతయ్య లింగమయ్య మీద ఒట్టుపెట్టి బయలుదేరాడు. నాలుగు రోజుల గంజికి వాళ్లు అడిగిన బదులు అంతే, ఒక్క మాట.

ఆ మిషన్, అంటే రికార్డు ప్లేయరు, చిన్న సూట్‌కేసులా ఉంటుంది. మూతలోనే స్పీకరు. కరెంటుతో నడుస్తుంది, లేకపోతే ఆరు టార్చిలైటు సెల్లులు వేసుకోవచ్చు. ప్లేటు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో పెట్టడానికి పక్కన ఒక మీట. భజనవాళ్లు దాన్ని రాయచూరులో కొన్నారు. అమ్మినాయన సగం కన్నడం, సగం తెలుగు; పెద్దదాన్ని దొడ్డ అనీ, చిన్నదాన్ని చిక్క అనీ అన్నాడు. "దొడ్డ ప్లేటుకు ముప్పైమూడు, చిక్క ప్లేటుకు నలభై ఐదు. మీట తప్పు పెట్టిండ్రంటె సూది పోతది, ప్లేటు పోతది" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. భజనవాళ్ల దగ్గర ఉన్నవన్నీ పెద్ద ప్లేట్లే. ఎవరి చెయ్యి తగిలి మీట జరుగుతుందోనని, కొని తెచ్చిన రోజే అనంతయ్య దాన్ని ముప్పైమూడు మీద పెట్టి, ఎర్ర పట్టుపోగు నాలుగు పేటలు చేసి కట్టేశాడు. అది తెగిన పోగును అతికేటప్పుడు నేతగాడు వేసే ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది తప్ప ఊడదు. అంత జాగ్రత్తగా చేసిన పనివల్ల తప్పు జరుగుతుందని ఎవరనుకుంటారు?

గద్వాల చేరిన మరునాడు అనంతయ్య ప్లేటుకు కుంకుమబొట్టు పెట్టినంత పని చేశాడు. భార్య కౌసల్యమ్మ కసురుకోబట్టి ఆగాడు. భజన పెద్ద కురుమూర్తి, ఇంకో నలుగురు వచ్చి చాపమీద కూర్చున్నారు. సూది ఆనింది. డప్పు నెమ్మదిగా, ఎక్కడో లోయలో కొట్టినట్టు మోగింది. తర్వాత గొంతు వచ్చింది.

అది మగ గొంతు. వయసు మళ్లిన, నింపాదైన, బరువైన గొంతు.

"గుట్ట దిగి రా లింగమయ్యా, గుండంల నీళ్లు సల్లగున్నయి..."

చాపమీద ఉన్నవాళ్ల కళ్లు చెమర్చాయి. ఒక్కో మాట రాయి మీద రాయి పెట్టినట్టు పడుతోంది. పాట చివర, డప్పు ఆగాక, దూరం నుంచి ఒక మూలుగు వినిపించింది. గొంతులోంచి లేచి, సాగి, అణిగిపోయింది. కురుమూర్తి రెండు చేతులూ జోడించాడు.

"నంది" అన్నాడు. "లింగమయ్యను పిలుస్తుంటె నంది పలికింది."

అందరూ చేతులు జోడించారు. అనంతయ్య కూడా జోడించి, వెంటనే దించేశాడు. అట్ట తిప్పి చూశాడు. రెండోవైపు వేసి చూశాడు. అదీ ఆ మగాయనే. రెండువైపులా కలిపి నాలుగే పాటలు. ఈదమ్మ గొంతు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం కౌసల్యమ్మ దగ్గర బయటపడ్డాడు. "అడవిలుండే ఆడమనిషి, అడిగేటోళ్లు లేరని, ఎవనితోనో పాడిచ్చి ఆమె పేరు జెప్పి ప్లేటు చేతుల పెట్టిండ్రే. కంపెనీ మోసం జేసింది."

"నీకెట్ల తెలుసు?"

"చెవులున్నయి గద."

కౌసల్యమ్మ చేస్తున్న వత్తి పక్కన పెట్టింది. "ఏమో. ఆ పాడేటాయన ఊపిరి తీసుకునే తీరు మాత్రం మొగోనిది గాదు. బిడ్డను సంకనేసుకోని నీళ్లు మోసేటామె ఊపిరి లెక్క ఉంది."

"మొగోడు మోస్తడా ఏంది బిడ్డను?"

"అదే నేననేది" అంది కౌసల్యమ్మ.

అనంతయ్య ఆ మాటను పట్టించుకోలేదు. అతని పరేషాన్ వేరు. వచ్చే శివరాత్రికి ఈదమ్మకు ఏం చెప్పాలి? నీ గొంతు అందులో లేదమ్మా అంటే, పదిలంగా వాసంలో దాచుకున్న ఆమె సంబరం అక్కడే చచ్చిపోతుంది. బాగుంది అని చెబితే లింగమయ్య మీద పెట్టిన ఒట్టు అబద్ధమవుతుంది. శివరాత్రి వచ్చింది. అనంతయ్య కాళ్లనొప్పులని చెప్పి గుంపుతో నడవలేదు. అచ్చంపేట మీదుగా బస్సెక్కి, మన్ననూరు దారిలో శ్రీశైలం పోయాడు. కిటికీలోంచి బల్మూరు వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడూ బస్సే. తర్వాత అదే అలవాటైంది. ప్లేటు అతని దగ్గరే ఉండిపోయింది.

విచిత్రం ఏమంటే, ఆ ప్లేటు లేకుండా ఆ ఇంట్లో పని సాగేది కాదు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట మగ్గం మీద అనంతయ్య, కౌసల్యమ్మ ఇద్దరి చేతులు ఒకే లెక్కన పడాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే అంచు ముడతపడుతుంది. ఆ నింపాది పాట, ఆ బరువైన డప్పు సరిగ్గా వాళ్లిద్దరి చేతులకూ కొలిచి ఇచ్చినట్టుండేవి. నాడె పోయేది ఒక మాటకు, పోగును బిగించే పలక పడేది ఒక దెబ్బకు. మోసపు పాట అని తెలిసీ దాంతోనే బతుకుతున్నానా అని అనంతయ్య అప్పుడప్పుడు దేవుణ్ణి అడిగేవాడు. దేవుడు ఏమీ అనేవాడు కాదు. చీరలు మాత్రం బాగా వచ్చేవి.

తొంభై రెండులో, దసరా అయ్యాక, మిషన్ ఆగింది. ప్లేటు రెండు చుట్లు తిరిగి, నీరసించి నిలబడిపోతోంది. భజనవాళ్లకు అప్పటికే టేపురికార్డరు వచ్చింది, వాళ్లకు దాని ధ్యాస లేదు. కౌసల్యమ్మకే తోచడం లేదు.

"నాల్గు దినాలాయె, అంచు సక్కగ కూసుంటలేదు. పాట లేక నీ చెయ్యి ఉరుకుతున్నది. వనపర్తిల ఎవరో బాగుజేస్తరంట గద, తీస్కపో."

వనపర్తి బస్టాండు పక్క సందులో మాసయ్య రేడియో దుకాణం ఉంది. మాసయ్య ముసలివాడు, కళ్లద్దాలకు ఒకవైపు కాడ బదులు వైరు. మిషన్ మూత తీసి చూసి, లోపల రబ్బరు పట్టీ సాగిపోయిందని చెప్పి, ఇంకోటి వేశాడు. ఆ తర్వాత అతని చూపు మీట మీద పడింది.

"ఇదేంది, మిషన్‌కు దిష్టి గిట్ల తీసిండ్రా? ఈ ఎర్రదారమేంది?"

"మీట జరగకుండ కట్టిన మాసన్నా. పెద్ద ప్లేట్లే గద మాయి."

"మంచి పని జేసినవ్. ప్లేటేది, తిప్పి చూద్దాం."

అనంతయ్య జోడుచిలుకల ప్లేటు ఇచ్చాడు. మాసయ్య అట్టను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. ప్లేటు బయటికి తీసి, నడుమ ఉన్న గుండ్రటి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇది నీకేడ దొరికింది? నేను రెండే చూసిన ఈ రకం. ఎట్ల తిప్పుతున్నవ్ దీన్ని?"

"అందరు తిప్పినట్టే."

"ముప్పైమూడు మీదనా?"

"మరి? దొడ్డ ప్లేటు గద."

మాసయ్య ప్లేటు అతని ముందుకు జరిపి, కాగితం మీద వేలు పెట్టాడు. అక్కడ నలభై ఐదు అని అంకె ఉంది. పదేళ్లుగా అనంతయ్య చూస్తున్న అంకే. ప్లేటు నంబరనుకున్నాడు.

"గిది కొత్తరకం, అప్పట్ల. ప్లేటు పెద్దది, తిరిగేది మాత్రం చిన్నదాని లెక్క. జోరుగ తిరిగితె ధ్వని సాఫుగ వస్తదని కంపెనీ షోకు. జోరుగ తిరిగితె జాగ ఎక్కువ తింటది, అందుకే నాలుగే పాటలు. పెద్ద ప్లేటు మీద నాలుగేంది అని నీకెన్నడు అనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది."

"అడగకపోతివి. నువ్వొక్కనివే గాదులే. చానమంది నీ లెక్కనే తిప్పి, గొంతు మూలుగుతున్నదని వాపసిచ్చిండ్రట. పది తీర్ల ప్లేట్లు తెచ్చి కంపెనీ ఆ రకం బందు జేసింది." బ్లేడు తీసి పట్టుపోగు మీద పెట్టాడు. "కొయ్యనా?"

అనంతయ్య తల ఊపాడు. పోగు తెగింది. మాసయ్య మీట జరిపి సూది ఆనించాడు.

డప్పు గెంతుతూ వచ్చింది. ఆ వెనకే గొంతు. సన్నని, పదునైన ఆడగొంతు. గుట్ట మీద నిలబడి అవతలి గుట్టకు వినిపించేట్టు పాడే గొంతు. వేడినీళ్లలో తేనె కలిసిందా లేదా అని అడిగిన గొంతు. పాట ముగిసింది. డప్పు ఆగాక, నంది పలికే చోట, ఒక చంటిబిడ్డ గునిసింది.

అనంతయ్య తెగిన పట్టుపోగును వేళ్ల మధ్యకు తీసుకున్నాడు. పదేళ్లుగా తాము చేతులు జోడించింది ఆ బిడ్డ ఏడుపుకు. నవ్వాలో, చెంపలు వేసుకోవాలో తెలియలేదు. కంపెనీ మోసం చేయలేదు. ఈదమ్మ అబద్ధం చెప్పలేదు. మాట తప్పింది తానొక్కడే.

"ఏమాయె?" అన్నాడు మాసయ్య.

"ఏం లేదన్నా. ఒకామెకు ఒక మాట బాకీ ఉన్న."

ఇంటికి పోయి కౌసల్యమ్మకు వినిపించాడు. ఆమె మొత్తం విని, "నేనన్లే?" అని మాత్రం అంది. కురుమూర్తి విని, కాసేపు తల గోక్కుని, "పసిబిడ్డ ఏడ్పుకు దండం పెడితె పాపమేం గాదులే" అన్నాడు. మిషన్ సంగతి అడిగితే, "మాకెందుకది, ఆమె గొంతు ఆమె దగ్గరుంటె ధర్మం" అన్నాడు.

ఆ వారంలోనే అనంతయ్య మిషన్, ప్లేటు, ఆరు కొత్త సెల్లులు సంచిలో పెట్టుకుని బయలుదేరాడు. వనపర్తిలో బస్సు మారాడు, నాగర్‌కర్నూలులో మారాడు, అచ్చంపేటలో మూడోసారి మారాడు. దారంతా ప్లేటు ఒడిలోనే. ఈదమ్మ ఉందో లేదో, ఉంటే గుర్తుపడుతుందో లేదో, గుర్తుపట్టి ఏమంటుందో. తిట్టినా వినాలి, ఏమీ అనకపోతేనే కష్టం అనుకున్నాడు. బల్మూరులో దిగి, అడవి దారి పట్టి, మధ్యాహ్నానికి పెంట చేరాడు.

ఆమె ఉంది. గుడిసె ముందు చింతపండు గింజ తీస్తోంది. తల అక్కడక్కడా నెరిసింది. పక్కన పన్నెండేళ్ల ఆడపిల్ల కూర్చుని గింజలు కుప్ప పోస్తోంది. ఈదమ్మ తల ఎత్తి, అతన్నీ, సంచినీ, మళ్లీ అతన్నీ చూసింది.

"జ్వరంల పడ్డ అన్నవు" అంది. లోపలికి తిరిగి పిలిచింది. "బయన్నా, నువ్వు చెప్పమన్న మనిషొచ్చిండు సూడు. నా గొంతు మంచిగ లేనట్టుంది, పదేండ్లు పట్టింది ఆయనకు చెప్పనీకి."

బయన్న నవ్వుతూ బయటికి వచ్చి చాప పరిచాడు. అనంతయ్య కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. మీటకు దారం కట్టింది, మగగొంతు విన్నది, కంపెనీని అనుమానించింది, ఆమెకు చెప్పలేక బస్సెక్కి వేరే దారిన పోయింది, ఏదీ దాచలేదు. నంది సంగతి చెప్పినప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

"బల్మూరు బడి సారొకాయన మిషన్ తెచ్చిండు నడుమ. ప్లేటు తెస్తె తిప్పుతనన్నడు. ప్లేటు నీ తాన ఉండె" అంది ఈదమ్మ. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అంది.

"తప్పాయె చెల్లె."

"కూసో ముందు. నిలవడి చెప్తె తప్పు తగ్గుతదా ఏంది?"

అనంతయ్య కూర్చున్నాడు. సెల్లులు వేసి, మీట నలభై ఐదు మీద పెట్టి, సూది ఆనించాడు. పెంటలోని వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. డప్పు వచ్చింది, గొంతు వచ్చింది. ఈదమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. మొదట కొంచెం సిగ్గుపడింది, తర్వాత సిగ్గు మరిచిపోయింది. పాట చివర బిడ్డ గునిసినప్పుడు, బయన్న ఆడపిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"ఇగో బుచ్చమ్మా, నువ్వే. సంకల నుంచి దిగనని పోరు పెడితివి."

"నేను నందినా?" అని బుచ్చమ్మ అనంతయ్యను అడిగింది.

"పదేండ్లు గద్వాలల నీకు దండం పెట్టినం బిడ్డా" అన్నాడు అనంతయ్య. అందరూ నవ్వారు.

ఈదమ్మ నవ్వలేదు. ప్లేటు వైపే చూస్తోంది. "నువ్వు పదేండ్లు విన్నదేందో, గది ఒకపారి వినిపియ్యి."

"అది తప్పు తిప్పుడు చెల్లె."

"కానీ. వినిపియ్యి."

అనంతయ్య మీట వెనక్కి జరిపాడు. డప్పు నింపాదిగా, లోయలోంచి వచ్చింది. ఆ బరువైన గొంతు పాట ఎత్తుకుంది. రెండో చరణం అయ్యేసరికి ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయ్యేదాకా కొంగు తియ్యలేదు.

"మా అయ్య గిట్లనే పాడుతుండె" అంది ఆమె కొంగు దించి. "కాశయ్య. ఈ పాట నాకు నేర్పింది ఆయనే. పట్నమోళ్లు రాకముందు ఏడే సచ్చిపోయిండు. గొంతు గిట్లనే ఉండె. గిట్లనే ఆగి, ఆగి."

బయన్న అవునన్నట్టు తల ఊపాడు.

అనంతయ్య సూది ఎత్తి పక్కన పెట్టాడు. తన మగ్గం మీద, తన భార్య చేతికీ తన చేతికీ లెక్క చెబుతూ పదేళ్లు పాడింది ఎవరు? ఈదమ్మే. అయినా, ఆమె వెనక ఇంకొకాయన కూడా ఉన్నాడేమో. దేవుడు ఏ మీట మీద వింటాడో మనిషికి ఎట్ల తెలుస్తుంది? ఆ ప్రశ్నను అతను అక్కడే వదిలేశాడు. సంచిలోంచి అట్ట తీసి, ప్లేటును జాగ్రత్తగా అందులో పెట్టి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు.

"మిషన్ గూడ నీకే. భజనోళ్లు ఇచ్చిండ్రు. ఎట్ల తిప్పాల్నో బుచ్చమ్మకు చూపిస్త. దారం మాత్రం కట్టకుండ్రి."

ఈదమ్మ ప్లేటు ఒళ్లో పెట్టుకుని, చిలుకల మీద అంటిన చింతపండు మరకను కొంగుతో తుడిచింది.

"గివన్ని సరే అన్నా. నేనడిగిన మాట చెప్పకపోతివి."

అనంతయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, లింగమయ్య ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

"బాగుంది చెల్లె" అన్నాడు. "నీ గొంతు చాన బాగుంది."